తల వైశాల్యం, తోక పొడవు, మన నీళ్లు: సర్ఫాక్టెంట్‌ను ఎలా ఎంచుకోవాలి?

విజయవాడ ఆటోనగర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ తయారుచేసే చిన్న యూనిట్ అయినా, గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో ఫినాయిల్ కలిపి అమ్ముకునే పొదుపు సంఘమైనా, సర్ఫాక్టెంట్ (నీటిలో జిడ్డును వదిలించే ముఖ్య పదార్థం) కొనేటప్పుడు ఎక్కువగా చూసేది రెండే విషయాలు: కిలో ధర ఎంత, నురగ ఎంత వస్తుంది. ఆ రెండూ అనవసరమని నేను అనను గానీ, కొన్న పదార్థం నీటిలో ఏ పని చేస్తుందో, ఏ పని చేయలేదో వాటిలో ఏదీ చెప్పదు. నురగ ఎక్కువగా ఉంటేనే శుభ్రం బాగా అవుతుందన్న నమ్మకం సరైనది కాదు. వాషింగ్ మెషిన్ల కోసం వాడే కొన్ని నాన్‌అయానిక్ (విద్యుదావేశం లేని) రకాలు చాలా తక్కువ నురగతోనే జిడ్డును చక్కగా వదిలిస్తాయి. సర్ఫాక్టెంట్ పనితనం చాలావరకు దాని అణువులు నీటిలో ఒకచోట చేరి ఏ ఆకారం కడతాయన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది. ఆ ఆకారాన్ని మొదట అణువు నిర్మాణం నిర్ణయిస్తుంది. ఆ తర్వాత మనం కలిపే ఉప్పు, మన బోరు నీళ్లు, మన మే నెల వేడి దాన్ని మారుస్తాయి. అందుకే బజారులో దొరికే రకాలను ఇక్కడ ఆ కోణం నుంచే పోల్చి, ఏ పనికి ఏది తీసుకోవాలో నా అభిప్రాయం చెబుతాను.

అణువు రూపం, గుంపు రూపం

సర్ఫాక్టెంట్ అణువులో నీటితో కలిసే తల ఒకటి, నీటికి దూరంగా ఉండే హైడ్రోకార్బన్ తోక ఒకటి ఉంటాయి. నీటిలో కొద్దిగా వేసినప్పుడు ఈ అణువులు విడివిడిగా ఉంటూ ఉపరితలానికి చేరతాయి. ఒక గాఢత దాటిన తర్వాత మాత్రం తోకలు లోపలికి, తలలు బయటికి ఉండేలా గుంపులు కడతాయి. ఆ గుంపును మిసెల్ అనీ, ఆ గాఢతను సందిగ్ధ మిసెల్ గాఢత అనీ అంటాం. ప్రయోగశాలల్లో అందరూ సీఎంసీ అనే పిలుస్తారు. సబ్బు ద్రావణాల్లో ఇలాంటి గుంపులు ఉంటాయన్న ఆలోచనను జేమ్స్ విలియం మెక్‌బెయిన్ 1913లో ముందుకు తెచ్చాడు.

గుంపు గోళంగా ఉంటుందా, కడ్డీగా సాగుతుందా, పొరగా పరుచుకుంటుందా అన్నది అంచనా వేయడానికి ఇజ్రాయెలాష్‌విలి, మిచెల్, నినమ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1976లో ఒక తేలికైన లెక్క ఇచ్చారు. తోక ఘనపరిమాణాన్ని, తల ఆక్రమించే వైశాల్యాన్ని తోక గరిష్ఠ పొడవుతో గుణించగా వచ్చిన విలువతో భాగించాలి. వచ్చిన సంఖ్యను ప్యాకింగ్ పరామితి అంటారు. అది మూడింట ఒకటి కంటే తక్కువైతే గోళాకార మిసెళ్లు, మూడింట ఒకటికీ సగానికీ మధ్య ఉంటే కడ్డీలు, సగానికీ ఒకటికీ మధ్య ఉంటే జంట పొరలు లేదా ఆ పొరలు చుట్టుకుని ఏర్పడే బుడగలు, ఒకటి దాటితే తలలు లోపలికి తిరిగిన తలకిందుల నిర్మాణాలు వస్తాయి. ఈ హద్దులు ఎక్కడి నుంచి వచ్చాయో పదో తరగతి క్షేత్రమితితోనే తేలుతుంది. గోళం ఘనపరిమాణాన్ని ఉపరితల వైశాల్యంతో భాగిస్తే వ్యాసార్ధంలో మూడో వంతు వస్తుంది. కడ్డీకి అదే సగం, చదును పొరకు దాని సగం మందమంతా. గుంపు మధ్యలో ఖాళీ ఉండకూడదు గనుక వ్యాసార్ధం తోక పొడవును మించలేదు. ఆ ఒక్క నిబంధనతో హద్దులన్నీ వచ్చేస్తాయి.

ఊహకు అందాలంటే మన గుంటూరు మిరపకాయలను తీసుకోండి. తొడిమ దగ్గర వెడల్పుగా, కొన దగ్గర సన్నగా ఉన్న కాయలను కొనలు లోపలికి పెట్టి పేర్చుకుంటూ పోతే గుండ్రటి ముద్ద వస్తుంది. కింది నుంచి పై దాకా ఒకే లావున్న కాయలైతే ఎంత పేర్చినా వంపు తిరగక పక్కపక్కనే పరుచుకుంటాయి.

ఇక లెక్కలోకి అంకెలు వేసి చూద్దాం. చార్లెస్ టాన్‌ఫర్డ్ ఇచ్చిన సూత్రాల ప్రకారం పన్నెండు కార్బన్ల తోక ఘనపరిమాణం సుమారు 0.35 ఘన నానోమీటర్లు, పూర్తిగా చాచినప్పటి పొడవు సుమారు 1.67 నానోమీటర్లు. ఘనపరిమాణాన్ని పొడవుతో భాగిస్తే 0.21 చదరపు నానోమీటర్లు వస్తుంది. ఇక్కడ గమనించవలసిన గొప్ప సంగతి ఏమిటంటే, ఎనిమిది కార్బన్లైనా పదహారు కార్బన్లైనా పొడవూ ఘనపరిమాణమూ కలిసే పెరుగుతాయి కాబట్టి ఈ 0.21 దాదాపు మారదు. అంటే ఒకే తోక ఉన్న ఏ సర్ఫాక్టెంట్‌కైనా గుంపు ఆకారాన్ని నిర్ణయించేది తలే. ఒక్కో తల 0.63 చదరపు నానోమీటర్ల కంటే ఎక్కువ చోటు తీసుకుంటే గోళాలు, 0.42కూ 0.63కూ మధ్య అయితే కడ్డీలు, 0.42 కంటే తగ్గితే పొరలు వస్తాయి. రెండు తోకలుంటే ఆ 0.21 కాస్తా 0.42 అవుతుంది గనుక గోళం కట్టాలంటే తల 1.26 చదరపు నానోమీటర్లు ఆక్రమించాలి. అది మామూలు తలలకు సాధ్యం కాదు, అందుకే రెండు తోకల అణువులు పొరలుగానే కూడతాయి.

మరి తోక పొడవు దేనికి? అది సీఎంసీని నిర్ణయిస్తుంది. విద్యుదావేశమున్న తల గల రకాల్లో ఒక్కో కార్బన్ పెరిగే కొద్దీ సీఎంసీ సుమారు సగానికి పడిపోతుంది. ఆవేశం లేని నాన్‌అయానిక్ రకాల్లో మూడో వంతుకు పడిపోతుంది. పన్నెండు కార్బన్ల సోడియం డోడెసిల్ సల్ఫేట్‌కు 25 డిగ్రీల వద్ద సీఎంసీ 8.2 మిల్లీమోలార్, అంటే లీటరుకు 2.4 గ్రాముల దాకా. అదే పన్నెండు కార్బన్ల తోకకు ఎనిమిది ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కల తల తగిలిస్తే సీఎంసీ 0.1 మిల్లీమోలార్ దగ్గరకు, అంటే లీటరుకు 0.06 గ్రాముల లోపుకు దిగుతుంది. తలల మధ్య వికర్షణ లేకపోవడమే దానికి కారణం. కిలో ధర మాత్రమే పోల్చి చూసేవారు ఈ తేడాను పూర్తిగా వదిలేస్తున్నారు: పలుచటి ద్రావణాలు వాడే పనిలో ఖరీదైన నాన్‌అయానిక్ చివరికి చవకగా పడవచ్చు.

యాసిడ్ స్లర్రీయా, ఎస్‌ఎల్‌ఈఎస్ పేస్టా?

గిన్నెల లిక్విడ్, హ్యాండ్‌వాష్ చేసేవారి ముందున్న అసలు ప్రశ్న ఇదే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి.

యాసిడ్ స్లర్రీ అంటే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లం. దాన్ని కాస్టిక్ సోడాతో గానీ సోడా యాష్‌తో గానీ తటస్థీకరిస్తేనే సర్ఫాక్టెంట్ అవుతుంది. ఆ సమయంలో బాగా వేడి పుడుతుంది, ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఆ పని చేయకూడదు. ఒకప్పుడు ఈ తరగతిలో కొమ్మలు కొమ్మలుగా చీలిన తోకలు వాడేవారు. వాటిని సూక్ష్మజీవులు తేలిగ్గా విచ్ఛిన్నం చేయలేకపోవడంతో ఐరోపా, అమెరికాల్లో నదుల మీద నురగ పేరుకుపోయింది, 1960లలో వాటి స్థానంలోకి సూటి తోకలు వచ్చాయి. సూటి తోక అన్నప్పటికీ బెంజీన్ వలయం ఆ తోక చివరన కాక మధ్యలో ఎక్కడో ఒకచోట అతుక్కుని ఉంటుంది. అందువల్ల ఈ అణువు కొంతవరకు రెండు పొట్టి తోకల అణువులా ప్రవర్తిస్తుంది, పొరలు కట్టే వైపు మొగ్గు చూపుతుంది. ఉప్పు పడగానే స్లర్రీ లిక్విడ్ తెల్లబారడం, నిలవ ఉంచితే విడిపోవడం దీనివల్లే. తయారీదారులు దాన్ని తేటగా ఉంచడానికి యూరియా కలుపుతారు, లేదంటే కొంత ఎస్‌ఎల్‌ఈఎస్ (సోడియం లారిల్ ఈథర్ సల్ఫేట్) చేరుస్తారు. నా దృష్టిలో రెండోదే మేలైన మార్గం.

ఎస్‌ఎల్‌ఈఎస్‌లో పన్నెండు, పద్నాలుగు కార్బన్ల సూటి తోక చివరన సగటున రెండు ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కలు, ఆ తర్వాత సల్ఫేట్ ఉంటాయి. ఆ రెండు ముక్కలు చేసే మేలు చాలా పెద్దది. అవి తలను నీటిలోకి మరింత ముందుకు జరిపి, కాల్షియం అయాన్లు వచ్చి తలలను గట్టిగా జంటకట్టి అవక్షేపించకుండా అడ్డుపడతాయి. పిడుగురాళ్ల వైపు సున్నపురాతి నేలల్లోని బోరు నీటిలో కాల్షియం బాగా ఉంటుంది. అలాంటి నీటిలో సబ్బు తెల్లటి తెట్టుగా తేలుతుంది, స్లర్రీ లిక్విడ్ బలం తగ్గుతుంది, ఎస్‌ఎల్‌ఈఎస్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. కృష్ణ నీరు వచ్చే విజయవాడ ఇళ్లలో ఈ తేడా అంతగా కనబడకపోవచ్చు గానీ, మీ సరుకు పల్నాడులో అమ్ముడుపోవాలంటే ఎస్‌ఎల్‌ఈఎస్ పాలు పెంచక తప్పదు.

పేస్టు కరిగించే దగ్గరే చాలామంది విసిగిపోతారు. డెబ్బై శాతం పేస్టులో అణువులు పొరలు పొరలుగా ఉంటాయి. పొరలు ఒకదానిపై ఒకటి జారగలవు కాబట్టి అంత గాఢతలోనూ పేస్టును డబ్బా నుంచి తీయడం సాధ్యమవుతుంది. దానికి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే గాఢత సుమారు అరవై నుంచి ముప్పై శాతం మధ్య ప్రాంతం గుండా దిగుతుంది. అక్కడ అణువులు పొడవాటి కడ్డీలుగా మారి, ఆ కడ్డీలు షట్కోణ అమరికలో ఒకదాని పక్కన ఒకటి బిగుసుకుంటాయి. పలుచబడాల్సింది పోయి గరిటె తిరగనంత గట్టి జెల్ అవుతుంది. పారదర్శకమైన గడ్డలు అడుగున తేలుతూ గంటల తరబడి కరగవు. దీనికి పరిష్కారం పేస్టు నాణ్యతలో లేదు, కలిపే వరుసలో ఉంది. కావలసిన నీరంతా ముందే డ్రమ్ములో పోసి, పేస్టును చిన్న చిన్న ముద్దలుగా అందులో వేస్తూ, నురగ లేవకుండా నెమ్మదిగా తిప్పాలి. అప్పుడు ప్రతి ముద్ద అంచూ ఆ గట్టి దశను త్వరగా దాటి పలుచటి మిసెళ్ల ద్రావణంలోకి చేరుతుంది. గోరువెచ్చటి నీరైతే ఇంకా త్వరగా కరుగుతుంది. అంత ఓపిక లేనివారు ఇరవై ఎనిమిది శాతం ద్రవాన్నే కొనుక్కోవచ్చు. నీటికి కూడా రవాణా ఖర్చు పెట్టుకున్నట్టవుతుంది గానీ గడ్డల బాధ ఉండదు.

ఒక జాగ్రత్త: ఎస్‌ఎల్‌ఈఎస్‌లోని సల్ఫేట్ బంధం ఆమ్లంలో నిలవదు. నిమ్మ ఉప్పు ఎక్కువగా వేసి పుల్లటి లిక్విడ్ చేయాలనుకుంటే నెలలు గడిచే కొద్దీ అది విరిగిపోతుంది. ఆమ్ల ఉత్పత్తులకు సల్ఫోనేట్ రకాలు, అంటే తటస్థీకరించిన స్లర్రీ గానీ ఏఓఎస్ (ఆల్ఫా ఒలెఫిన్ సల్ఫోనేట్) గానీ సరైనవి, ఎందుకంటే వాటిలో గంధకం నేరుగా కార్బన్‌కే అతుక్కుని ఉంటుంది.

ఉప్పు వేస్తే ఎందుకు చిక్కబడుతుంది, ఎందుకు మళ్లీ పలుచబడుతుంది?

తల వైశాల్యం అంటే తల అసలు పరిమాణం కాదు. పక్కనున్న తలలు దాన్ని ఎంత దూరం నెడుతున్నాయన్నది. ఆవేశమున్న తలల మధ్య వికర్షణ ఎక్కువగా ఉన్నప్పుడు ఒక్కొక్కటి ఎక్కువ చోటు తీసుకుంటుంది, గోళాలు వస్తాయి, లిక్విడ్ నీళ్లలా పారుతుంది. ఉప్పు కలిపితే సోడియం అయాన్లు తలల చుట్టూ చేరి వికర్షణను తగ్గిస్తాయి, తలలు దగ్గరవుతాయి, 0.63 హద్దు దిగగానే గోళాలు కడ్డీలుగా సాగుతాయి. ఆ కడ్డీలు ఇంకా పొడవై, వంగి, ఒకదానిలో ఒకటి చిక్కుకున్నప్పుడు లిక్విడ్ చిక్కగా, సాగే గుణంతో కనిపిస్తుంది. ఉప్పు ఇంకా పెంచితే కడ్డీలు కొమ్మలు వేస్తాయి. కొమ్మల కూడళ్లు జారగలవు కాబట్టి చిక్కదనం తిరిగి పడిపోతుంది, చివరికి లిక్విడ్ మసకబారి విడిపోతుంది.

కాబట్టి చిక్కదనం చాలలేదని ఉప్పు గుప్పెళ్లతో వేసుకుంటూ పోవడం ప్రమాదకరం. చిన్న సీసాల్లో వంద మిల్లీలీటర్ల చొప్పున లిక్విడ్ తీసుకుని, ఉప్పును అర శాతం చొప్పున పెంచుతూ వరుసగా కలిపి, మర్నాటి దాకా వదిలేసి చూడండి. పది శాతం ఎస్‌ఎల్‌ఈఎస్ ఉన్న లిక్విడ్‌లో చిక్కదనపు శిఖరం సాధారణంగా కొన్ని శాతం ఉప్పు దగ్గర కనిపిస్తుంది. కచ్చితమైన చోటు మీరు వాడిన సెంటు మీద, మీ నీటి మీద ఆధారపడి మారుతుంది. శిఖరానికి కొద్దిగా ముందే ఆగాలి. బోరు నీటిలో ఇప్పటికే లవణాలున్నాయి గనుక అదే ఫార్ములాను ఆర్‌ఓ నీటితో ఒకసారి, బోరు నీటితో ఒకసారి చేస్తే రెండు వేర్వేరు శిఖరాలు వస్తాయి. తయారీకి ఎప్పుడూ ఒకే నీటిని వాడండి.

వేడి ఈ కడ్డీలను తుంచుతుంది. డిసెంబరులో చక్కగా చిక్కగా ఉన్న లిక్విడ్ మే నెల విజయవాడ ఎండలో, నలభై ఐదు డిగ్రీల దగ్గర, పలుచబడి కనిపించడానికి కారణం కల్తీ కాదు, కడ్డీల పొడవు తగ్గడమే; చల్లబడితే తిరిగి చిక్కబడుతుంది. అయినా కొనేవారికి ఈ శాస్త్రం చెప్పి ఒప్పించలేం కాబట్టి, సీసాను వేడి నీటి గిన్నెలో నలభై ఐదు డిగ్రీల వద్ద కాసేపు ఉంచి పరీక్షించాకే ఫార్ములా ఖాయం చేసుకోవాలి. వేసవికి ఉప్పు మీదే ఆధారపడకుండా క్యాప్‌బీని (కోకామిడోప్రొపైల్ బీటైన్) చేర్చడం మంచిది. దాని తలలో ధనావేశమూ రుణావేశమూ రెండూ ఉంటాయి; అది సల్ఫేట్ తలల మధ్య దూరి వాటి వికర్షణను తనంతట తానే తగ్గిస్తుంది, తక్కువ ఉప్పుతోనే పొడవాటి కడ్డీలు వస్తాయి, చేతులకు మంట కూడా తగ్గుతుంది. ఇదే పనికి చవకగా దొరికే కొబ్బరి డైఇథనోలమైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల జాబితాలో, 2బీ వర్గంలో చేర్చింది. రోజూ చేతులు ముంచే సరుకులో దాన్ని వాడమని నేను చెప్పను.

సబ్బు గురించి రెండు మాటలు. ఘన సబ్బుకు పామాయిల్ సరే గానీ, ద్రవ సబ్బుకు కొబ్బరి నూనె, కాస్టిక్ పొటాష్ జోడీ తీసుకోండి. సోడియం స్టియరేట్ నీటిలో మిసెళ్లు కట్టాలంటే సుమారు డెబ్బై డిగ్రీలు దాటాలి, అంతకు లోపల స్ఫటికంగానే ఉంటుంది. ఈ హద్దును క్రాఫ్ట్ ఉష్ణోగ్రత అంటారు. తోక పొట్టిదైనా, తోకలో ఒలియేట్‌లో ఉన్నట్టు ద్విబంధపు వంపు ఉన్నా, సోడియం బదులు పొటాషియం ఉన్నా ఆ హద్దు దిగుతుంది.

నాన్‌అయానిక్ రకాలు, వేసవి గోడౌన్లు

ఇథిలీన్ ఆక్సైడ్ తలల రకాలు, వేడెక్కితే కరుగుతుందన్న పై నియమానికి విరుద్ధంగా నడుస్తాయి. వాటికి వేడే శత్రువు. తలలోని ఆక్సిజన్లు నీటి అణువులతో హైడ్రోజన్ బంధాలు పెట్టుకుని తమ చుట్టూ నీటిని నిలుపుకుంటాయి. వేడెక్కే కొద్దీ ఆ నీరు వదిలిపోయి తల కుంచించుకుపోతుంది, మిసెళ్లు ఒకదానికొకటి దగ్గరై, ఒక ఉష్ణోగ్రత వద్ద ద్రావణం ఒక్కసారిగా మసకబారి రెండుగా విడిపోతుంది. శుద్ధమైన పన్నెండు కార్బన్ల ఆల్కహాల్‌కు ఐదు ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కలుంటే ఈ మసక బిందువు సుమారు 32 డిగ్రీలు, ఆరుంటే సుమారు 50, ఎనిమిదైతే 75 దాటుతుంది. ఒక్క ముక్క తేడాకు ఇరవై డిగ్రీల దాకా తేడా అన్నమాట. చలిదేశాల పుస్తకాల్లో గది ఉష్ణోగ్రతకు తగినదని రాసిన ఐదు మోల్ రకం (అంటే ఐదు ముక్కలున్నది), మన దగ్గర రేకుల కప్పు కింద ఏప్రిల్ మొదటి వారంలోనే విడిపోతుంది. ఇక్కడి గోడౌన్లకు నీటితో కలిపి నిలవ ఉంచే సరుకులో ఏడుకు తగ్గకుండా, వీలైతే తొమ్మిది మోల్ రకం తీసుకోండి. ఫార్ములాలో ఉప్పు ఉంటే మసక బిందువు ఇంకా కిందికి దిగుతుందని గుర్తుంచుకోండి.

నోనైల్ ఫినాల్ ఇథాక్సిలేట్ చవక, మన దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది, ఎమల్షన్లు బాగా కడుతుంది. అయినా దానికి బదులు లారిల్ ఆల్కహాల్ ఇథాక్సిలేట్‌నే కొనమంటాను. మురుగులో నోనైల్ రకం విరిగినప్పుడు మిగిలే నోనైల్ ఫినాల్ చేపల హార్మోన్ల వ్యవస్థను దెబ్బతీస్తుంది. ఐరోపా సమాఖ్య 2003లోనే శుభ్రపరిచే సరుకుల్లో దాని వాడకాన్ని కట్టడి చేసింది. మన కాలువల నీరు మళ్లీ మన చేలకూ చెరువులకూ చేరుతుంది.

వేపనూనె పిచికారీకి ఏది కలపాలి?

మిరప, పత్తి చేలలో లీటరు నీటికి సాధారణంగా ఐదు మిల్లీలీటర్ల వేపనూనె కలిపి కొడతారు, నూనె నీటిలో కలవడానికి గుప్పెడు బట్టల పొడి వేస్తారు. ఆ పొడితో నూనె కలుస్తుంది, నిజమే. కానీ బట్టల పొడిలో సోడా ఉంటుంది, నీటికి క్షారగుణం వస్తుంది. వేపనూనెలో పురుగును అడ్డుకునే అజాడిరాక్టిన్ క్షారంలో త్వరగా నశిస్తుంది. డబ్బు పెట్టి కొన్న మందును ట్యాంకులోనే పోగొట్టుకున్నట్టు అవుతుంది. పైగా బోరు నీటి కాల్షియం ఆ పొడిలోని సర్ఫాక్టెంట్‌ను కొంత మింగేస్తుంది.

ఇక్కడ ఎంపిక స్పష్టంగా నాన్‌అయానిక్ వైపే ఉండాలి: నీటి కాఠిన్యంతో దానికి పనిలేదు, పీహెచ్ మార్చదు. నూనెను నీటిలో చిన్న బొట్లుగా నిలపడానికి ఒక్క రకం కంటే రెండు రకాల జోడీ బాగా పనిచేస్తుంది. అణువు నీటి వైపు ఎంత, నూనె వైపు ఎంత మొగ్గుతుందో చెప్పేందుకు గ్రిఫిన్ 1949లో ప్రవేశపెట్టిన హెచ్‌ఎల్‌బీ కొలమానంలో స్పాన్ 80, ట్వీన్ 80 అనే నాన్‌అయానిక్ రకాల విలువలు వరుసగా 4.3, 15; విలువ పెరిగితే మొగ్గు నీటి వైపు. పెద్ద తల గల ట్వీన్ అణువుల మధ్య ఖాళీలను చిన్న తల గల స్పాన్ అణువులు నింపి, నూనె బొట్టు చుట్టూ గట్టి పొర కడతాయి. ముందు నూనెలో ఈ జోడీని కలిపి, తర్వాత ఆ మిశ్రమాన్ని నీటిలో పోస్తే పాలలా తెల్లబడి, నూనె పైకి తేలకుండా పిచికారీ అయ్యేదాకా నిలుస్తుంది.

ఆకు మీద పరుచుకోవడం వేరే సంగతి. దుకాణాల్లో స్టిక్కర్, స్ప్రెడర్ పేర్లతో అమ్మేవాటిలో మామూలు ఇథాక్సిలేట్లు నీటి తలతన్యతను మీటరుకు 72 మిల్లీన్యూటన్ల నుంచి ముప్పై దగ్గరకు తెస్తాయి. సిలికాన్ స్ప్రెడర్లు ఇరవై ఒకటి, ఇరవై రెండు దాకా దించుతాయి. వాటి తోక హైడ్రోకార్బన్ కాదు; మూడు సిలికాన్ పరమాణువులున్న పొట్టి, వెడల్పాటి ముక్క. తోక వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ కాబట్టి ప్యాకింగ్ పరామితి పెరిగి అవి గోళాలకు బదులు జంట పొరలు కడతాయి, మైనం పూత ఉన్న ఆకు మీద ఆశ్చర్యమనిపించే వేగంతో బొట్టును పరుస్తాయి. అయితే నీటి పీహెచ్ ఏడుకు అటూ ఇటూ బాగా జరిగితే ఆ అణువు విరిగిపోతుంది. కలిపిన రోజే కొట్టేయాలి, మర్నాటికి దాచకూడదు. మోతాదు లేబుల్ మీద ఉన్నంతే వేయాలి. ఎక్కువైతే మందు ఆకు మీద నిలవక కారిపోతుంది, ఆకుపై మైనం కరిగి పూత మాడే ప్రమాదమూ ఉంది. ముడత వచ్చిన మిరప ఆకుల మడతల్లోకి మందు చేరాలంటే సిలికాన్ రకం తీసుకోండి; మామూలుగా చదునుగా ఉన్న ఆకులకు సాధారణ స్టిక్కర్ సరిపోతుంది.

ధనావేశపు తలలు, రెండు తోకలు

ఆసుపత్రి నేలలు తుడిచే బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి ధనావేశపు రకాలను స్లర్రీతోనూ ఎస్‌ఎల్‌ఈఎస్‌తోనూ కలపకండి. ఎదురెదురు ఆవేశాల తలలు జంటకట్టినప్పుడు రెండు అణువులు కలిసి ఒక చిన్న తల, రెండు తోకల అణువుగా తయారవుతాయి. సమపాళ్లలో అయితే అవక్షేపం పడి క్రిమినాశక గుణం పోతుంది. ఫినాయిల్‌లో క్రిమినాశకంగా దాన్ని వాడదలిస్తే ఎమల్సిఫయర్ నాన్‌అయానిక్ అయి ఉండాలి.

ఆ జంటకట్టడాన్నే మేలుగా మలుచుకున్న ఉదాహరణ ఒకటుంది. ఎరిక్ కేలర్ బృందం 1989లో సీటీఏబీ (సెటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్) కుటుంబానికి చెందిన ఒక ధనావేశపు సర్ఫాక్టెంట్‌ను సోడియం డోడెసిల్ బెంజీన్ సల్ఫోనేట్‌తో, అంటే మన తటస్థీకరించిన స్లర్రీ జాతి పదార్థంతో, అసమాన పాళ్లలో కలిపి, వాటంతట అవే ఏర్పడి నిలిచే పొరల బుడగలను చూపించింది. ఆ రెండు రకాలకూ ఉన్నది ఒక్కో తోకే.

బట్టలను మెత్తబరిచే ద్రవాలు, మందులను మోసే లైపోసోములు రెండు తోకల జాతికి చెందినవి. మెత్తబరిచే ద్రవం చేయదలిస్తే పాత రెండు పొడవు తోకల క్వాట్ (ధనావేశపు నైట్రోజన్ తల గల రకం) కాకుండా ఎస్టర్‌క్వాట్ కొనండి. దాని తోకల్లోని ఎస్టర్ బంధాన్ని సూక్ష్మజీవులు తెంచగలవు. అందుకే ఐరోపాలో 1990ల తొలినాళ్ల నుంచి అది పాతదాని స్థానంలోకి వచ్చింది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఏ అణువు?

నాగార్జున విశ్వవిద్యాలయంలోనో ఇక్కడి కళాశాలల్లోనో మిసెళ్ల మీద ప్రాజెక్టు చేయదలచిన విద్యార్థులు పరికరాన్ని బట్టి అణువును ఎంచుకోవాలి. వాహకత మీటరు మాత్రమే ఉంటే సోడియం డోడెసిల్ సల్ఫేట్ సరైనది: గాఢత పెంచుతూ వాహకత గీస్తే 8.2 మిల్లీమోలార్ దగ్గర వాలు స్పష్టంగా తగ్గుతుంది, ఎందుకంటే ఒక్కో మిసెల్‌లో చేరే సుమారు అరవై అణువులు తమ సోడియం అయాన్లలో చాలావాటిని తమతోనే కట్టేసుకుంటాయి. నాన్‌అయానిక్ రకాలకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికి స్టాలగ్మోమీటర్‌తో తలతన్యత కొలవాలి. తలతన్యత పద్ధతిలోనే డోడెసిల్ సల్ఫేట్‌ను కొలిస్తే, సీఎంసీ దగ్గర గీత కిందికి గుంటలా దిగి మళ్లీ లేవడం కనిపించవచ్చు. అది విరిగిన సల్ఫేట్ నుంచి వచ్చిన డోడెకనాల్ అనే మలినం పని. ఇథనాల్‌లో మళ్లీ స్ఫటికీకరిస్తే ఆ గుంట పోతుంది.

ఆకారం మారడాన్ని కంటితో చూపించాలంటే సీటీఏబీ, సోడియం శాలిసిలేట్ జోడీకి సాటి లేదు, నేనైతే మొదట దాన్నే ఎంచుకుంటాను. శాలిసిలేట్ వలయం తలల మధ్యలోకి దూరి ఆవేశాన్ని అణచివేయడంతో తల వైశాల్యం ఒక్కసారిగా పడిపోతుంది. సీటీఏబీ మోల్ పరిమాణంలో సగానికి పైగా శాలిసిలేట్ చేరేసరికి పలుచటి ద్రావణం పొడవాటి కడ్డీల వలగా మారుతుంది. ఫ్లాస్కును చేతితో గుండ్రంగా తిప్పి హఠాత్తుగా ఆపితే, లోపల చిక్కుకున్న గాలి బుడగలు తిరిగిన దిశకు వ్యతిరేకంగా కొంచెం వెనక్కి లాక్కుపోతాయి. మామూలు చిక్కటి ద్రవం అలా చేయదు. దీనికి ఒకే షరతు ఉంది. సీటీఏబీ క్రాఫ్ట్ ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి, ఏసీ ఇరవై రెండు మీద నడిచే ప్రయోగశాలలో రాత్రంతా ఉంచిన శుద్ధ సీటీఏబీ ద్రావణంలో ఉదయానికి తెల్లటి స్ఫటికాలు దిగుతాయి. వాటర్ బాత్‌ను ముప్పై డిగ్రీల దగ్గర పెట్టి, కొలతలన్నీ అక్కడే తీసుకోండి.